విని ఊరుకున్న దేవతలు: ఈ శని, ఆదివారాలకు కొంత చదువు

"శని, ఆదివారాలు కాస్త తీరిక దొరుకుతుంది, ఏదైనా మంచిది చదవాలని ఉంది, ఏం చదవమంటారు?" అని అడిగేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. సంతోషం. వినడం బాగా అలవాటైన రోజుల్లో చదవాలని అనిపించడమే మంచి సంగతి. వీడియోలో అయితే పుస్తకం పేరు చెప్పి ముందుకు వెళ్ళిపోవాలి. ఇక్కడ కాస్త నిదానంగా మాట్లాడుకోవచ్చు. ఈ వారానికి నాలుగు చెబుతాను. ఒకటి భాగవతంలో కథ. రెండోది, మూడోది మన తెలుగు కవుల పద్యాలు. నాలుగోది ఆ రోజు దినపత్రిక.

నాలుగోదాని దగ్గర కొందరు ఆగిపోతారని నాకు తెలుసు. "పొద్దున్నే స్నానం చేసి, దీపం పెట్టుకుని, మనసు ప్రశాంతంగా ఉన్నప్పుడు ఆ పేపరు ఎందుకండీ? తెరిస్తే చావులూ గొడవలూ. భక్తిలో ఉన్నవాడికి అవన్నీ అవసరమా?" అంటారు. ఈ మాటను తేలిగ్గా తీసెయ్యకూడదు. నిజంగా సాధన చేసేవాళ్ళే ఇలా అడుగుతారు. మనసు కుదుటపడటానికి ఎంత కష్టపడాలో వాళ్ళకు తెలుసు కాబట్టే దాన్ని కాపాడుకోవాలని చూస్తారు. అందుకని ప్రశ్నను సూటిగానే పెట్టుకుందాం. భగవంతుడి మీద మనసు నిలిపినవాడికి, లోకంలో ఎవరో పెట్టే మొర వినవలసిన బాధ్యత ఉందా? విన్న తర్వాత ఊరుకుంటే అది దోషమా?

దీనికి జవాబు పేపర్లో వెతకనక్కర్లేదు. గజేంద్ర మోక్షంలోనే ఉంది.

భాగవతం ఎనిమిదో స్కంధం. కథ మీకు తెలుసు. త్రికూట పర్వతం దగ్గర మడుగులోకి ఏనుగుల రాజు నీళ్ళకు దిగాడు, మొసలి కాలు పట్టింది, వెయ్యేళ్ళు పోరాడాడు, బలం అయిపోయింది, అప్పుడు మొరపెట్టుకున్నాడు. విష్ణువు వైకుంఠంలో ఉన్నవాడు ఉన్నట్టే లేచి పరుగెత్తుకుని వచ్చాడు. లక్ష్మీదేవికి చెప్పలేదు, ఆయుధాలు తీసుకోలేదు, పరివారాన్ని పిలవలేదు. ఈ ఘట్టం పద్యాలు తెలుగునాట చాలామందికి నోటికి వచ్చు. చదువురాని పెద్దవాళ్ళు కూడా పొలం గట్టు మీద పాడుకున్న పద్యాలవి.

వీటి మీద ఒక కట్టుకథ కూడా ఉంది కదా. శ్రీనాథుడు పోతనగారింటికి వచ్చి, "ఆయుధం లేకుండా వచ్చి మీ విష్ణువు ఏం చేద్దామనుకున్నాడయ్యా, ఊరికే చూసిపోదామనా?" అని ఎగతాళి చేశాడట. పోతన అప్పటికి ఏమీ అనలేదట. కాసేపయ్యాక పెద్ద రాయి ఒకటి నూతిలో పడేసి, మీ పిల్లవాడు పడిపోయాడని కేక వేస్తే, శ్రీనాథుడు తాడు లేదు, బొక్కెన లేదు, అలాగే నూతి దగ్గరికి పరుగెత్తాడట. ఇది జరిగిందో లేదో మనకు అక్కర్లేదు. ఈ కథ అల్లినవాడెవరో ఆ పద్యాన్ని బాగా అర్థం చేసుకున్నవాడు, అంతే.

ఈ ఘట్టం చదివేటప్పుడు నేను ఎప్పుడూ ఆగే చోటు ఇంకొకటి ఉంది. విష్ణువు లేవడానికి కాస్త ముందు వచ్చే చిన్న పద్యం అది. పాడేవాళ్ళు చాలాసార్లు దాన్ని దాటేసి వైకుంఠం వర్ణనకు వెళ్ళిపోతారు. అందులో పోతన ఏం చెబుతాడంటే, ఆ మొర బ్రహ్మ మొదలైన దేవతలు కూడా విన్నారట. వినపడక కాదు. విన్నారు, అడ్డుపడలేదు. ఎందుకని? కారణం కూడా చెప్పాడు. అంతటా తామే అయి ఉండే గుణం వాళ్ళకు లేదు. ఆ గుణం ఉన్నవాడు విష్ణువు, కాబట్టి ఆయన కదిలాడు.

ఇక్కడ పోతన ఆ దేవతలను తిట్టలేదు, పాపం చేశారని అనలేదు, గమనించండి. గజేంద్రుడు ఏ దేవుణ్నీ పేరుపెట్టి పిలవలేదు. సృష్టికి మూలమైనవాడు ఎవరో, ఆ ఈశ్వరుణ్ని పిలిచాడు. మధ్యలో ఆయన అసలు ఉన్నాడా అన్న అనుమానం కూడా వచ్చింది అతనికి. అలాంటి పిలుపుకు "అది నన్నే" అని లేచినవాడు ఒక్కడే. మిగతావాళ్ళకు అది వేరొకరికి సంబంధించిన పిలుపుగా వినపడింది. ఎక్కడో నీళ్ళలో ఏదో ఏనుగు. మనది కాదు.

పేపరు చదివే మన పరిస్థితి సరిగ్గా ఆ దేవతల పరిస్థితే కదా? విన్నాం, పాపం అనుకున్నాం, పేజీ తిప్పాం.

మరి అలాంటప్పుడు మనల్ని తప్పుపట్టవచ్చా? తొందరపడి పట్టకూడదనే అంటాను. రోజూ వచ్చే వార్తల్లో ప్రతి మొరకూ లేచి పరుగెత్తడం మనుషులకు సాధ్యం కాదు. అంతటా ఉండటం విష్ణు లక్షణం. మనకది లేదు. బ్రహ్మకే లేదన్నప్పుడు మన సంగతి చెప్పాలా! ఫోను తెరిస్తే ప్రపంచంలో ప్రతి మూలా జరిగే దుఃఖం అరచేతిలోకి వచ్చేస్తుంది. అన్నిటికీ చలించాలంటే గుండె మొద్దుబారిపోతుంది, లేదా పగిలిపోతుంది. పేపరు వద్దనే సాధకులు చెప్పేది ఇదే. ఇంతవరకూ వాళ్ళతో నాకు పేచీ లేదు.

కానీ కథ అక్కడితో అయిపోలేదు. విష్ణువు చక్రంతో మొసలి తల తుంచాడు, గజేంద్రుడు బయటపడ్డాడు, శంఖం ఊదాడు, దేవతలు పూలవాన కురిపించారు. చాలామంది ఇక్కడ పుస్తకం మూసేస్తారు. దయచేసి ఈసారి మూయకండి, ఇంకో రెండు పేజీలు చదవండి. ఈ ఏనుగు పూర్వజన్మలో ఎవరో అక్కడ ఉంది.

అతను ఇంద్రద్యుమ్నుడు. ద్రవిడ దేశపు రాజు. మామూలు రాజు కాదు, గొప్ప విష్ణుభక్తుడు. పర్వతం మీద మౌనవ్రతంలో కూర్చుని విష్ణుధ్యానం చేసుకుంటున్నాడు. అప్పుడు అగస్త్యుడు వచ్చాడు. రాజు లేవలేదు, పలకరించలేదు. అగస్త్యుడికి కోపం వచ్చింది, ఏనుగువై పుట్టమని శపించాడు. అదండీ ఏనుగు వెనక కథ. ఇక ఆ మొసలి కూడా హూహూ అనే గంధర్వుడు, దేవలుడి శాపం వల్ల అలా అయినవాడు. అది వేరే సంగతి.

మొదటిసారి చదివినప్పుడు ఇది అన్యాయంగా అనిపిస్తుంది. పాపం, ఆయన ఏం తప్పు చేశాడు? జపంలో ఉన్నాడు, మౌనంలో ఉన్నాడు. కావాలని అవమానించాడా? దొంగతనం చేశాడా? ధ్యానంలో కూర్చున్నవాడికి శాపమేమిటి? నిజంగా ఆలోచించాల్సిన ప్రశ్న ఇది. అగస్త్యుడికి ఆ కోపం అవసరమా అని కూడా అడగొచ్చు, తప్పులేదు. కథ మాత్రం రెండు లెక్కలూ వేరువేరుగా ఉంచింది. గుమ్మం దగ్గరికి వచ్చినవాడి కోసం లేవనందుకు ఏనుగు జన్మ వచ్చింది. చేసిన విష్ణుసేవ వల్ల, ఆ ఏనుగు జన్మలో కూడా విష్ణువును తలుచుకునే బుద్ధి మిగిలింది, దానివల్లే ముక్తి వచ్చింది. పూజ వృథా పోలేదు. కానీ పూజ చేస్తున్నాడు కదా అని లేవకపోవడాన్ని మాఫీ చెయ్యలేదు. ఒక ఖాతాలో జమ, ఇంకో ఖాతాలో అప్పును కొట్టెయ్యలేదన్నమాట.

పోతన ఈ కథకు చెప్పిన నీతి, విప్రులను అవమానించకూడదని. అలా అన్నాడని దాచుకోవాల్సిన పనిలేదు. కానీ దాన్ని అక్కడే ఆపేసి, ఎవరు వస్తే లేవాలి, ఎవరు వస్తే లేవనక్కర్లేదు అని జాబితా రాసుకుంటే మాత్రం భాగవతం మనల్ని ఒప్పుకోనివ్వదు. ఎందుకో చివర్లో చెబుతాను.

ఇప్పుడు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. దూరాన్నుంచి వచ్చిన మొర విని కదలని దేవతలకు ఏ శాపమూ లేదు. తన ముందుకు వచ్చి నిలబడ్డవాడి కోసం లేవని భక్తుడికి శాపం ఉంది. నాకు ఇందులో మన ప్రశ్నకు సగం జవాబు కనిపిస్తుంది. లోకంలో ప్రతి దుఃఖానికీ నువ్వు బాధ్యుడివని ఎవరూ అనడం లేదు. నీ ముందుకు వచ్చినదానికి మాత్రం, కళ్ళు మూసుకుని ధ్యానంలో ఉన్నాను అన్నది సాకు కాదు.

మరి పేపర్లో వార్త ముందుకు వచ్చినట్టా, దూరంగా ఉన్నట్టా? అక్కడికే వస్తున్నాను. ముందు పద్యాల సంగతి చూద్దాం.

కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి గారి 'పుష్పవిలాపం' తెలియనివాళ్ళు మీలో ఎవరూ ఉండరు. ఘంటసాల గారి గొంతులో విని మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. అయితే విన్నవాళ్ళే ఎక్కువ, పుస్తకం తెరిచి చదివినవాళ్ళు తక్కువ. ఈ శనివారం చదవండి, పదిహేను నిమిషాలు చాలు. పొద్దున్నే స్వామికి పూలు కోసుకురావడానికి తోటకు వెళ్ళిన భక్తుడు, పూలు జాలిగా మాట్లాడటం విని, కొయ్యలేక వట్టి చేతులతో తిరిగి వస్తాడు. ఇంతే కథ.

దీని మీద నవ్వేవాళ్ళు ఉన్నారు, పూలు మాట్లాడటమేమిటి, మరీ మెత్తదనం కాకపోతే అని. ఇంకొందరు, అయితే దేవుడికి పూలు పెట్టొద్దా అని అడుగుతారు. ఆకైనా, పువ్వైనా, పండైనా, నీళ్ళైనా భక్తితో ఇస్తే తీసుకుంటానని గీతలో ఆయనే చెప్పాక మనం వద్దనడమేమిటి? నిక్షేపంగా పెట్టుకోండి. నేను చూసేది వేరే. ఇతను కూడా పూజలో ఉన్నవాడే, ఇంద్రద్యుమ్నుడిలాగే. పూజకు అడ్డొస్తున్నదని తెలిసి కూడా ఆ పూల మాట చెవిలో వేసుకున్నాడు. పూజ ఆగినా సరే అనుకున్నాడు. వట్టి చేతులతో వచ్చానని ఆ స్వామికే చెప్పుకున్నాడు. వట్టి చేతులు చూపించడానికి కూడా దేవుడి దగ్గరికే వెళ్ళాడు చూడండి, భక్తి ఎక్కడా పోలేదు.

రెండో కావ్యం గుర్రం జాషువా గారి 'గబ్బిలం'. 1941లో వచ్చింది. మన భక్తి సమూహాల్లో దీని పేరు చెబితే కాస్త ఇబ్బందిగా కదులుతారు. అది భక్తికి సంబంధించింది కాదనీ, మతాన్ని తిట్టిన పుస్తకమనీ ఒక అభిప్రాయం పాకిపోయింది. చదవకుండా ఏర్పడే అభిప్రాయాలు ఇలాగే ఉంటాయి. తిట్టు ఉంది, కాదనను. ఎవరిని తిట్టాడన్నది చూడాలి.

కాళిదాసు యక్షుడు మేఘాన్ని దూతగా పంపాడు. జాషువా కావ్యంలో గుడిలోకి అడుగుపెట్టనివ్వని కులంలో పుట్టిన ఒక పేదవాడు, తన కష్టం కాశీలో విశ్వనాథుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. మేఘం కాదు, హంస కాదు, చిలుక కాదు. గబ్బిలమే ఎందుకు? ఇంట్లోకి వస్తే అశుభమని మనం తరిమే ప్రాణి అది. కానీ గుళ్ళో చూరు కింద హాయిగా వేలాడుతుంది, దాన్ని ఎవరూ ఆపరు. మనిషిని ఆపుతారు. తలకిందులుగా వేలాడేటప్పుడు శివుడి చెవికి దగ్గరగా ఉంటావు, పూజారి లేని సమయం చూసి నా సంగతి ఆయన చెవిలో వెయ్యి అంటాడు అతను.

దీన్ని గజేంద్ర మోక్షం పక్కన పెట్టుకుని చదవమంటున్నాను నేను. ఏనుగు మడుగులోంచి పిలిస్తే నేరుగా వైకుంఠానికి వినపడింది, మధ్యలో దూత అక్కర్లేకపోయింది. మనిషి పిలిస్తే గబ్బిలం కావలసి వచ్చింది. దేవుడు మారాడా? లేదు. మధ్యలో తలుపులు పెట్టినవాళ్ళు వచ్చారు. ఆ పేదవాడు శివుణ్ని కాదనలేదు, శివుడు లేడనీ అనలేదు. తన మాట శివుడి దాకా చేరితే చాలు, ఆయన వింటాడన్న నమ్మకం అతనికి పూర్తిగా ఉంది. ఇంతకంటే భక్తి ఏముంటుందండీ?

ఆ కావ్యం వచ్చిన రోజులు కూడా గుర్తుపెట్టుకోవాలి. 1936 నవంబర్ 12న తిరువాన్కూరు మహారాజు తన రాజ్యంలోని గుళ్ళు హిందువులందరికీ తెరుస్తున్నట్టు ప్రకటించాడు. 1939లో మదురై మీనాక్షి అమ్మవారి గుళ్ళోకి, అంతకుముందు రానివ్వని కులాలవాళ్ళను వెంటపెట్టుకుని వైద్యనాథ అయ్యర్ వెళ్ళారు. అంటే ఆ పేదవాడి మొర కల్పన కాదు, ఆనాటి పేపర్లలో రోజూ నలుగుతున్న వార్త. జాషువా ఆ వార్తను పద్యం చేశాడు. 1950లో రాజ్యాంగం అంటరానితనాన్ని రద్దు చేసింది. చట్టం తలుపు తీసింది. అయినా ఫలానా ఊళ్ళో ఫలానావాళ్ళను గుళ్ళోకి రానివ్వలేదని పేపరు లోపలి పేజీల్లో ఇప్పటికీ అప్పుడప్పుడు చిన్న వార్త కనపడుతూనే ఉంటుంది. అది చదివి మనం "ఏదో గ్రామ గొడవ" అనుకుంటే, జాషువా పద్యం మనకు అర్థం కాలేదన్నమాట.

ఇప్పుడు దినపత్రిక.

2025 జనవరి 8. వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం తిరుపతిలో జనం చేరారు. తొక్కిసలాట జరిగింది, ఆరుగురు చనిపోయారు. అస్వస్థతకు గురైన ఒక మహిళను బయటికి తీసుకురావడానికి గేటు తీస్తే, టోకెన్లు ఇవ్వడానికే తీశారనుకుని జనం ఒక్కసారిగా ముందుకు తోసుకువచ్చారని అప్పుడు వార్తల్లో వచ్చింది. అదే సంవత్సరం ఏప్రిల్ 30న సింహాచలం చందనోత్సవంలో క్యూలైను పక్క గోడ కూలి ఏడుగురు పోయారు. నవంబర్ 1న, కార్తిక ఏకాదశి నాడు, శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో తొక్కిసలాట, తొమ్మిదిమంది. ఒకే సంవత్సరం, ఒకే రాష్ట్రం. అన్నీ స్వామి దర్శనానికి వెళ్ళిన వరసల్లోనే.

ఎవరి తప్పు, ఏర్పాట్లలో లోపమెక్కడ, అవన్నీ విచారణలు చేసేవాళ్ళు చూస్తారు, చూడాలి కూడా. నా మనసును తొలిచింది వేరే మాట. అలాంటి రోజున భక్తుల మధ్య తిరిగే మాట. "పుణ్యాత్ములండీ, ఏకాదశి ఘడియల్లో, స్వామి సన్నిధిలో పోయారు, నేరుగా వైకుంఠానికే." ఫోన్లలో చేతులు జోడించిన బొమ్మతో పాటు ఈ మాట చక్కర్లు కొడుతుంది.

పోయినవాళ్ళ తల్లో, భర్తో, కూతురో ఆ మాట అనుకుంటే దానికి ఎవరూ అడ్డు చెప్పకూడదు. దుఃఖంలో ఉన్నవాళ్ళకు ఊతం కావాలి, ఆ ఊతం వాళ్ళది. ఇంట్లో కాఫీ తాగుతూ చదివిన మనం అనకూడదు. మనం అంటే అది ఓదార్పు కాదు, తప్పించుకోవడం. మొర విని, విన్న చోటే ఉండిపోవడానికి భక్తి భాషలో దొరికిన మార్గం అది.

పైగా అది పోతన చెప్పినదానికి వ్యతిరేకం. గజేంద్రుడు మునిగిపోతుంటే విష్ణువు, "ఫరవాలేదు, నన్ను తలుచుకుంటూ పోతున్నాడు, ఎలాగూ ఇక్కడికే వస్తాడు" అని కూర్చోలేదు. ఆ మాట అనడానికి ఎవరికైనా హక్కు ఉంటే ఆయనకే ఉంది. వైకుంఠం ఆయనది. ఆయనే ఆ మాట అనుకోకుండా, చెప్పాపెట్టకుండా పరుగెత్తి, ముందు మొసలి నోట్లోంచి కాలు విడిపించాడు. మోక్షం మాట ఆ తర్వాత.

ఇందాక వాయిదా వేసిన ప్రశ్న, పేపర్లో వార్త మన ముందుకు వచ్చినట్టా అని. అన్నీ రావు. ఎక్కడో దూరదేశంలో జరిగినదానికి నేను నిట్టూర్చడం తప్ప చెయ్యగలిగింది లేకపోవచ్చు. కానీ ఈ క్యూలైను వార్త మనది. మనలో చాలామందిమి అలాంటి వరసల్లో నిలబడ్డవాళ్ళం, మళ్ళీ నిలబడేవాళ్ళం. గేటు కదిలినప్పుడు వెనకనుంచి తోసింది ఎవరో రాక్షసులు కాదు, గోవిందా అంటూ వచ్చిన మనుషులే. ముందున్న ముసలావిడ భుజం మీద మన చెయ్యి పడి ఉంటుంది ఎప్పుడో ఒకప్పుడు. దర్శనం అయ్యాక ఆవిడ ముఖం మనకు గుర్తుండదు. ఇంద్రద్యుమ్నుడి ముందుకు వచ్చినవాడు అగస్త్యుడు, మహర్షి, చూస్తేనే తెలుస్తుంది. మన ముందు నిలబడేది ఒక చేతిలో చెప్పుల సంచీ, ఇంకో చేతిలో మనవడి చెయ్యి పట్టుకున్న ముసలావిడ. లేవడం ఇక్కడ కష్టం. లేవడమంటే ఆ వరసలో ఒక అడుగు వెనక్కి వెయ్యడమే. ఆ అడుగు వల్ల దర్శనం రెండు గంటలు ఆలస్యం కావచ్చు, అసలు ఆ రోజుకి కాకపోనూ వచ్చు. ఆ సంగతి తెలిసి వెయ్యాలి.

పేపరు చదవమన్నానని టీవీ చర్చలు చూడమన్నట్టు కాదు. అరుపు వేరు, మొర వేరు. సాయంత్రం ఆరుగురు కూర్చుని ఒకరి మీద ఒకరు అరుచుకునేదాంట్లో మొర ఎక్కడా వినపడదు. పేపర్లో కూడా మొదటి పేజీ ఎక్కువగా అరుపే. జిల్లా పేజీలు చూడండి. మీ ఊరి పేరు, మీ మండలం పేరు ఉన్నచోట ఆగండి. మీ ముందుకు వచ్చే వార్త సాధారణంగా అక్కడే ఉంటుంది.

శాస్త్రం ఇందుకు ఒప్పుతుందా అనేవాళ్ళ కోసం ఒక మాట. తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో మనిషి చెయ్యవలసినవి వరసగా చెబుతూ, ప్రతిదానికీ స్వాధ్యాయ ప్రవచనాలను జతచేస్తుంది. సత్యం, దాంతో పాటు చదువు. తపస్సు, దాంతో పాటు చదువు. అగ్నిహోత్రం, దాంతో పాటు చదువు. ఆ వరసలోనే అతిథులు కూడా ఉన్నారు. అతిథుల వెంటనే మానుషం అనే మాట ఉంది, దానికి శంకరభాష్యం లోకవ్యవహారం అని అర్థం చెప్పింది. చదువూ చదివించడమే అసలు తపస్సని అక్కడే నాకుడనే మౌద్గల్య మహర్షి తన అభిప్రాయం చెబుతాడు. అంత చదువును పొగిడిన చోట, అతిథినీ లోకవ్యవహారాన్నీ పక్కన పెట్టమనలేదు. పుస్తకం ఒడిలో ఉండగా గుమ్మం వైపు చెవి ఉండవచ్చు.

నాలుగు అన్నాను కానీ ఐదోది ఒకటి మిగిలింది. ఇందాక చివర్లో చెబుతానన్నది ఇదే. భాగవతం తొమ్మిదో స్కంధంలో రంతిదేవుడి కథ. చిన్నది. ఆ రాజు ఉన్నదంతా ఇచ్చేసి, కుటుంబంతో సహా నలభై ఎనిమిది రోజులు నీళ్ళు కూడా లేకుండా గడిపాడు. నలభై తొమ్మిదో రోజు కాస్త పాయసం, కాస్త భక్ష్యం, నీళ్ళు దొరికాయి. తినబోతుండగా ఒక బ్రాహ్మణుడు వచ్చాడు. భాగం పెట్టాడు. తర్వాత ఒక శూద్రుడు వచ్చాడు, పెట్టాడు. తర్వాత కుక్కలను వెంటబెట్టుకుని ఒకడు వచ్చి, నాకూ నా కుక్కలకూ ఆకలి అన్నాడు. మిగిలిందంతా పెట్టి, వాళ్ళకు నమస్కారం కూడా చేశాడు. ఇక నీళ్ళే ఉన్నాయి, అవీ ఒక్కరికి సరిపోయేన్ని. తాగబోతుంటే ఊరు దగ్గరికి రానివ్వని కులంవాడు వచ్చి దాహం అన్నాడు.

అగస్త్యుడు వస్తే ఇంద్రద్యుమ్నుడు లేవలేదు. ఇక్కడ ఎవరొచ్చినా రంతిదేవుడు లేచాడు, నలుగురిలోనూ విష్ణువునే చూశాడు. జాబితా రాసుకోనివ్వదు అన్నది ఇందుకే. ఆ నీళ్ళు ఇచ్చేటప్పుడు అతను కోరుకున్నది కూడా చూడండి. సిద్ధులు వద్దు, జన్మ లేకుండా పోవడమూ వద్దు, ప్రాణులన్నిటిలో ఉండి వాళ్ళ బాధ నేను పడితే చాలు, వాళ్ళు సుఖంగా ఉంటారు అన్నాడు. అంతటా ఉండే గుణం విష్ణువుకే ఉందని ఎనిమిదో స్కంధంలో చెప్పిన భాగవతం, తొమ్మిదిలో ఒక మనిషి చేత దాన్ని కోరించింది.

అప్పుడు దేవతలు వచ్చి తమ అసలు రూపాలు చూపించారు. ఆ వచ్చిన అతిథులు వాళ్ళేనట. అతను నమస్కారం పెట్టాడు, ఏమీ అడగలేదు.

గజేంద్ర మోక్షం శనివారం సాయంత్రం పిల్లలను కూర్చోబెట్టుకుని పైకి చదవండి, ఇంద్రద్యుమ్నుడి దాకా. అది అన్యాయమని పిల్లలు అంటే అననివ్వండి, సర్దిచెప్పకండి. పుష్పవిలాపం, గబ్బిలం రాత్రి భోజనాలయ్యాక మీకు మీరు చదువుకోవచ్చు. గబ్బిలంలో కొన్ని మాటలకు నిఘంటువు కావాలి, దగ్గర పెట్టుకోండి. రంతిదేవుడి కథ మాత్రం ఆదివారం మధ్యాహ్నం, విస్తళ్ళు వేసి వడ్డన మొదలయ్యే ముందు చదవండి. తిన్నాక చదివితే నిద్ర వస్తుంది.